లైటర్ మంటకు కాలని ముత్యం: ‘అసలు’ అన్న మాటకు ఎన్ని అర్థాలు?

హైదరాబాద్ పాతబస్తీలోని పత్తర్‌గట్టీలో ఒక ముత్యాల కొట్టు. మా పిన్ని ఒక దండ చేతిలోకి తీసుకుని, “అసలువేనా బాబూ?” అని అడిగింది. కౌంటర్ వెనకున్న కుర్రాడికి ఈ ప్రశ్న కొత్త కాదు. జవాబు చెప్పకుండా సొరుగులోంచి చిన్న చాకు, లైటర్ తీశాడు. ఒక ముత్యాన్ని చాకుతో గీరితే అద్దం మీద తెల్లటి పొడి రాలింది. తర్వాత లైటర్ వెలిగించి మంట చూపించాడు. ముత్యం కరగలేదు, కాలలేదు. పట్టిన మసి గుడ్డతో తుడిస్తే పోయింది. “పక్కా ఒరిజినల్ అమ్మా. నకిలీదైతే ఈపాటికి ప్లాస్టిక్ వాసన కొట్టేది” అన్నాడు. పిన్ని కొనేసింది.

అప్పుడు సంచిలోంచి ఇంకో దండ తీసింది. దారం నల్లబడింది, ముత్యాలు కాస్త పసుపు తిరిగాయి, ఒకదాని సైజు ఒకదానికి లేదు. “ఇది మా అత్తగారి అత్తగారిది. బస్రా ముత్యాలు. మళ్లీ గుచ్చించాలి.” కుర్రాడు దాన్ని లైటు కిందికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈసారి లైటర్ జోలికి పోలేదు. గుచ్చే ఆయన పక్క గల్లీలో ఉంటాడని చెప్పి పంపాడు.

బయటికొచ్చాక పిన్ని అడిగింది: “ఇదీ అసలుదే, అదీ అసలుదే అయితే మరి తేడా ఏంట్రా?”

హైదరాబాద్‌లో ముత్యాలు కొనేవాళ్లను తికమక పెట్టేది ఈ ప్రశ్నే.

నాటుకోడి, ఫారం కోడి, మీల్‌మేకర్

మార్కెట్‌లో ముత్యం అనే పేరుతో మూడు వేర్వేరు వస్తువులు తిరుగుతున్నాయి. ఒకటి సహజ ముత్యం. మనిషి ప్రమేయం లేకుండా ఆల్చిప్పలో దానంతట అదే పుట్టింది. రెండోది కల్చర్డ్ ముత్యం. ఇదీ ఆల్చిప్ప లోపలే పుడుతుంది, పొరలు పోసేదీ ఆ జీవే. కాకపోతే మొదలుపెట్టింది మనిషి. మూడోది నకిలీ. గాజు పూసకో ప్లాస్టిక్ పూసకో మెరుపు పూత పూసింది. దానికి ఏ జీవితోనూ సంబంధం లేదు.

కోడి లెక్కన చెప్పుకుంటే నాటుకోడి, ఫారం కోడి, మీల్‌మేకర్. ఫారం కోడి నాటుకోడి కాదు. అలాగని అది కోడి కాకుండా పోదు. మీల్‌మేకర్ మాత్రం ఎంత మసాలా వేసినా కోడి కాదు.

తికమక ఎక్కడ వస్తుందంటే, కొనేవాళ్లు ‘అసలు’ అన్నప్పుడు తరచూ మనసులో నాటుకోడి ఉంటుంది. అమ్మేవాళ్లు ‘ఒరిజినల్’ అన్నప్పుడు అది మీల్‌మేకర్ కాదని మాత్రమే అర్థం. ఇద్దరూ అబద్ధమాడటం లేదు, మాట్లాడుకుంటున్నది ఒకే విషయం గురించీ కాదు. అమెరికా వాణిజ్య నియమాల ప్రకారం పెంచిన ముత్యాన్ని ‘కల్చర్డ్’ అన్న మాట చేర్చకుండా అమ్మకూడదు. వట్టి ‘ముత్యం’ అంటే సహజమైనదనే లెక్క. మన బజారులో వాడుక సరిగ్గా తిరగబడింది. ఇక్కడ వట్టి ‘ముత్యం’ అంటే దాదాపు ఎప్పుడూ కల్చర్డ్ ముత్యమే. సహజమైనది అమ్మితే ‘బస్రా’ అనో ‘నేచురల్’ అనో ప్రత్యేకంగా చెబుతారు, ధర కూడా ఆ స్థాయిలోనే చెబుతారు.

ల్యాబ్ వజ్రాల గురించి ఈమధ్య అందరూ వింటున్నారు కాబట్టి కల్చర్డ్ ముత్యాన్నీ ఆ గాటన కట్టేస్తున్నారు. అది సరికాదు. ల్యాబ్ వజ్రం యంత్రంలో తయారవుతుంది. కల్చర్డ్ ముత్యం తయారయ్యేది నీళ్లలో, ప్రాణమున్న ఆల్చిప్పలో. దానికి నెలలు, ఏళ్లు పడుతుంది.

తాండూరు బండ, ముత్యం: సరుకు ఒకటే

ముత్యంలో ఉన్నది కాల్షియం కార్బొనేట్. మన ఇళ్లలో గచ్చుకు వేసే తాండూరు నాపరాయిలో ప్రధానంగా ఉన్నదీ, కోడిగుడ్డు పెంకులో ఉన్నదీ అదే. మరి గచ్చు అలా ఎందుకు మెరవదు?

తేడా పేర్పులో ఉంది. ఆల్చిప్ప ఈ కాల్షియం కార్బొనేట్‌ను అరగొనైట్ అనే రూపంలో పలచటి పలకలుగా చేసి, ఇటుకల వరసల్లా పేరుస్తుంది. మధ్యలో సిమెంటులాగా కాంకియోలిన్ అనే ప్రోటీన్ పదార్థం ఉంటుంది. ఒక్కో పలక మందం దాదాపు అర మైక్రాన్, అంటే మిల్లీమీటరులో రెండువేలవ వంతు. కంటికి కనిపించే కాంతి తరంగం పొడవూ ఇంచుమించు అంతే. అందుకే పొరల మీద పడిన వెలుగు కొంత పైపొర నుంచి, కొంత లోపొరల నుంచి వెనక్కి వచ్చి ఒకదానితో ఒకటి కలుస్తుంది. ముత్యం లోపల దీపం పెట్టినట్టు కనిపించే ఆ మెరుపు, వంచి చూస్తే తెలిసే గులాబీ, ఆకుపచ్చ ఛాయలు అక్కడి నుంచే వస్తాయి. వజ్రానికి సానపట్టి కోణాలు చెక్కితేగానీ కళ రాదు. ముత్యం ఆల్చిప్పలోంచి వచ్చేటప్పుడే కళతో వస్తుంది.

ఈ సరుకుకు బలహీనతలూ ఉన్నాయి. మోస్ కాఠిన్య కొలమానం మీద వజ్రం 10 అయితే ముత్యం 2.5 నుంచి 4.5 మధ్యే. గాలిలో తిరిగే దుమ్ములోని ఇసుక 7 దాకా ఉంటుంది కాబట్టి దుమ్ము పట్టిన ముత్యాన్ని గుడ్డతో గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. ఇక పులుపు దానికి విషమే. చింతపండు, నిమ్మరసం, చెమట, సెంటు అన్నీ మెల్లగా పైపొరను తింటాయి. క్లియోపాత్రా ముత్యాన్ని పులిసిన ద్రాక్షరసంలో వేసి తాగేసిందన్న పాత రోమన్ కథ నిజమో కాదో గానీ, రసాయనం వరకు తప్పేం లేదు: ముత్యం ఆమ్లంలో కరుగుతుంది, కాకపోతే కథలో చెప్పినంత త్వరగా కాదు.

స్వాతి చినుకు, ఇసుక రేణువు

స్వాతి కార్తెలో పడ్డ వాన చినుకు ఆల్చిప్ప నోట్లో పడితే ముత్యమవుతుందని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒకే నీటిబొట్టు కాలిన ఇనుము మీద పడితే ఆవిరవుతుంది, తామరాకు మీద ముత్యంలా కనిపిస్తుంది, ఆల్చిప్పలో పడితే ముత్యమే అవుతుందన్న భర్తృహరి సుభాషితం తెలుగు పద్యంగా బడుల్లో చదువుకున్నదే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ముత్యం పుట్టే చోట్లు ఎనిమిది చెప్పాడు: ఏనుగు, పాము, ఆల్చిప్ప, శంఖం, మేఘం, వెదురు, తిమింగలం, పంది. అన్నీ చెప్పి, వాటిలో ఆల్చిప్ప ముత్యాలే ఎక్కువగా దొరుకుతాయనీ, అవే మంచివనీ కూడా రాశాడు. వ్యాపారం తెలిసిన మాట అది.

ఇప్పుడు చదువుకున్నవాళ్లు చెప్పే కథ వేరు. ఇసుక రేణువు లోపల గుచ్చుకుంటే ఆల్చిప్ప బాధ ఓర్చుకోలేక దాని చుట్టూ పొరలు పోస్తుందంటారు. నా దృష్టిలో ఇది సైన్సు చొక్కా తొడుక్కున్న స్వాతి చినుకే. ఆల్చిప్పలు బతికే నీళ్లలో ఇసుకకు కొదవ లేదు. లోపలికొచ్చిన రేణువులను బయటికి తోసేయడం వాటికి బాగా తెలుసు. అసలు సంగతి వేరే. ఆల్చిప్ప ఒంటికి, పెంకుకు మధ్య మాంటిల్ అనే పలచటి కండ పొర ఉంటుంది. పెంకును తయారు చేసేది దాని కణాలే. ఏదో పరాన్నజీవి తొలిచినప్పుడో, గాయమైనప్పుడో ఆ కణాలు కొన్ని చోటు తప్పి కండలోకి జారి, అక్కడ ఒక చిన్న సంచిలా ఏర్పడతాయి. ఎక్కడున్నా వాటికి తెలిసిన పని ఒక్కటే, పొరలు పోయడం. పోస్తూ పోతాయి. ఆ సంచిలో తయారయ్యేదే ముత్యం.

ఈ రహస్యం పట్టుబడ్డాక కల్చర్డ్ ముత్యం సాధ్యమైంది. జపాన్‌లో మికిమోతో కోకిచి 1893లో అరగోళం ముత్యం తీయగలిగాడు. నిండు గుండ్రని ముత్యానికి కావలసింది బయటి వస్తువు ఒక్కటే కాదనీ, దాంతోపాటు మరో ఆల్చిప్ప మాంటిల్ ముక్కనూ లోపల నాటాలనీ 20వ శతాబ్దం మొదట్లో మిసే, నిషికావా అనే మరో ఇద్దరు జపనీయులు కనిపెట్టారు. మికిమోతో దాన్ని పెద్ద వ్యాపారంగా మలిచాడు. 1921లో ఈ ముత్యాలు లండన్ మార్కెట్‌కు చేరగానే పాత వ్యాపారులు గగ్గోలు పెట్టారు. మోసమన్నారు. పైకి చూస్తే తేడా చెప్పలేకపోవడమే వాళ్ల అసలు బాధ.

ఆ దెబ్బ ఎంతటిదో ఒక్క లెక్క చాలు. 1917లో న్యూయార్క్‌లోని ఒక భవనాన్ని కార్టియే నగల సంస్థ 100 డాలర్లకు, ఒక రెండు వరసల సహజ ముత్యాల దండకు మార్పిడిగా తీసుకుంది. దండ విలువ అప్పుడు 10 లక్షల డాలర్లు. 1957లో అదే దండ వేలంలో 1,51,000 డాలర్లకు పోయింది. భవనం మాత్రం ఇప్పటికీ ఆ సంస్థ కొట్టుగానే ఉంది.

సముద్రం లేని ఊరికి ముత్యాల పేరు

హైదరాబాద్ నుంచి మచిలీపట్నం తీరం 300 కిలోమీటర్ల పైమాట. మూసీలో ముత్యాలు పండవు. అయినా ఇది ముత్యాల నగరం. వింతగా అనిపిస్తుంది గానీ, రత్నాల లోకంలో ఇది మామూలే. గోల్కొండ వజ్రాలు గోల్కొండలో తవ్వినవి కావు. కృష్ణా తీరంలో కొల్లూరు లాంటి గనుల్లో తవ్వి, గోల్కొండలో అమ్మినవి. బస్రా ముత్యాలూ ఇరాక్‌లోని బస్రాలో పుట్టలేదు. బహ్రెయిన్ చుట్టుపక్కల గల్ఫ్ నీళ్లలో గజ ఈతగాళ్లు ఊపిరి బిగబట్టి మునిగి తీసినవి, బస్రా రేవు మీదుగా వచ్చి ఆ పేరు తెచ్చుకున్నాయి. ఏరిన చోటు కంటే అమ్మిన చోటుకే పేరు దక్కుతుంది.

కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి పర్షియా వైపు ఓడలు తిరిగేవి. వజ్రాలు వెళ్లేవి, ముత్యాలు వచ్చేవి. దక్షిణాన తూత్తుకుడి దగ్గర మన్నారు సింధుశాఖ ముత్యాలు ఉండనే ఉన్నాయి; పాండ్యుల కాలం నుంచీ వాటికి పేరు. తర్వాత ఆసఫ్‌జాహీల దర్బారులో ముత్యం హోదాకు గుర్తయింది. ఏడు వరసల బస్రా ముత్యాల సత్‌లడా హారం నిజాం నగల్లో పేరుమోసింది. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నగల్లో అదీ ఉంది. 2001లో ఆ నగలను సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు.

కొనేవాళ్లు ఉన్నచోట పనివాళ్లు చేరతారు. ముత్యానికి బెజ్జం వేయడం, సైజుల వారీగా జల్లెడ పట్టడం, రంగు కలిపి జత చేయడం, దారానికి గుచ్చడం తరాలుగా ఇక్కడి చేతి పనులు. 1908 మూసీ వరద తర్వాత ఊరిని మళ్లీ కట్టుకునే క్రమంలో రాతి తోరణాలతో పత్తర్‌గట్టీ బజారు లేచింది. సంస్థానం పోయింది, నవాబులు పోయారు, గల్ఫ్‌లో ముత్యాల వేట కూడా పోయింది. కల్చర్డ్ ముత్యాల పోటీకి తోడు 1932లో బహ్రెయిన్‌లో చమురు పడ్డాక ఊపిరి బిగబట్టి మునగాల్సిన అవసరం జనానికి లేకపోయింది. తూత్తుకుడిలో చివరి ముత్యాల వేట 1961లో జరిగింది. బెజ్జం వేసే చేతులు మాత్రం హైదరాబాద్‌లో మిగిలాయి.

ఇప్పుడు ఆ చేతులకు అందేది ఎక్కువగా చైనా సరుకు. అక్కడి చెరువుల్లో పెరిగిన మంచినీటి ముత్యాలు ఇక్కడికి వస్తాయి. వాటిని ఉడకబెట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసిన సీసాల్లో వేసి ఎండలో పెట్టి తెలుపు తేలుస్తారు. తర్వాత గుచ్చడం, నగ చేయడం. కాబట్టి ‘హైదరాబాద్ ముత్యం’ అంటే ఇక్కడ పుట్టిన ముత్యం కాదు, ఇక్కడ చేయి పడిన ముత్యం. దీన్ని కొందరు మోసమంటారు. ఇక్కడి సరుకు ఏనాడూ ఇక్కడ పుట్టలేదన్నది కొట్టువాళ్ల జవాబు. చరిత్ర కొట్టువాళ్ల వైపే ఉంది. కానీ ఎక్కడి సరుకని అడిగినప్పుడు చైనాదని చెప్పడానికి మొహమాటం దేనికో నాకు అర్థం కాదు.

చవకదాని లోపల అంతా ముత్యమే, ఖరీదైనదాని లోపల పూస

ఇక్కడొక తమాషా ఉంది. జపాన్‌లో అకోయా అనే సముద్రపు ఆల్చిప్పలో పెంచే ముత్యంలో లోపల ఒక గుండ్రటి పూస నాటుతారు. అమెరికా నదుల్లో దొరికే ఆల్చిప్పల మందపాటి పెంకును సానబట్టి ఆ పూసలు చేస్తూ వచ్చారు. 7 మిల్లీమీటర్ల అకోయా ముత్యంలో పైన ముత్యపు పొర 0.4 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అంటే అర మైక్రాన్ పలకలు సుమారు 800. లోపలి పూస వ్యాసం 6.2 మిల్లీమీటర్లు. ఘనపరిమాణం లెక్క కడితే ముత్యంలో దాదాపు 70 శాతం ఆ పూసే. చైనా మంచినీటి ముత్యాల్లో ఎక్కువవాటికి పూస ఉండదు, మాంటిల్ ముక్క మాత్రమే నాటుతారు. అందుకని లోపలంతా ముత్యపు పొరలే.

అయినా అకోయాకే ధర ఎక్కువ. మంచినీటి ఆల్చిప్ప ఒక్కటే ఒకేసారి పదులకొద్దీ ముత్యాలు ఇస్తుంది, అకోయా చిప్ప ఒకటో రెండో ఇస్తుంది. పూస చుట్టూ పెరిగింది గుండ్రంగా వస్తుంది; పూస లేనిది ఎక్కువగా బియ్యపు గింజలానో, బంగాళాదుంపలానో తేలుతుంది. చల్లటి సముద్రపు నీళ్లలో పొరలు చిక్కగా పడి మెరుపు అద్దంలా ఉంటుంది. ముత్యపు ధరను నడిపేది మెరుపు, గుండ్రదనం, మచ్చ లేకపోవడం, సైజు, జత కుదరడం. లోపల ఎంత ముత్యముందన్నది వాటి తర్వాతి మాట.

సహజ ముత్యాల ధరకు పాత పద్ధతి ఒకటుంది, బరువును దానితోనే హెచ్చించడం. కొలత గ్రెయిన్, 4 గ్రెయిన్లు ఒక క్యారెట్, అంటే 0.2 గ్రాములు. మూలధర 100 రూపాయలని ఊరికే అనుకుందాం. ఒక గ్రెయిన్ ముత్యం 1×1×100, వంద రూపాయలు. నాలుగు గ్రెయిన్ల ముత్యం 4×4×100, పదహారు వందలు. అదే నాలుగు గ్రెయిన్ల బరువు నాలుగు చిన్న ముత్యాలుగా ఉంటే నాలుగు వందలే. పెద్ద ముత్యం అంత అరుదు మరి. బరువు రవ్వంత తగ్గినా ధర పడిపోతుంది కాబట్టి పాతకాలం పనివాళ్లు బెజ్జం వీలైనంత సన్నగా వేసేవారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, పిన్ని దండ దగ్గర అవసరమవుతుంది.

లైటర్ ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

ఇక కొట్టు కుర్రాడి పరీక్ష. ప్లాస్టిక్ పూస అయితే మంటకు కరుగుతుంది, కాబట్టి అది ప్లాస్టిక్ కాదని తేలింది. గాజు పూస కరగదు, దాని మీది పూత మాత్రం దెబ్బతింటుంది. గీరితే తెల్లపొడి రాలింది కాబట్టి లోపల కూడా అదే పదార్థం ఉందని తేలింది. అయితే ఆల్చిప్ప పెంకును గుండ్రంగా చెక్కి పైన పూత వేసిన నకిలీని గీరినా చివరికి తెల్లపొడే వస్తుంది. పంటికి రాస్తే ముత్యం గరగరలాడుతుంది, నకిలీ నున్నగా జారుతుందన్న పాత చిట్కా కూడా దాదాపు ఇంతవరకే పనికొస్తుంది. బెజ్జం అంచును భూతద్దంలో చూడటం వీటన్నిటికంటే మేలు: పూత వేసినదైతే అక్కడ పెచ్చులూడి కనిపిస్తుంది.

సహజమా, కల్చర్డా అన్నది చాకుకూ లైటర్‌కూ అందని ప్రశ్న. రెండింటి పైపొరా ఒకటే. దానికి ల్యాబ్‌లో ఎక్స్‌రే తీయాలి. లోపల పూస ఉందా, పూస లేకపోతే మధ్యలో పొరలు ఎలా మొదలయ్యాయి అన్నది అందులో తెలుస్తుంది. నగ మీది బీఐఎస్ హాల్‌మార్క్ చూసి ధైర్యపడేవాళ్లూ ఉన్నారు. అది బంగారం గురించి చెప్పేది, బంగారంలో పొదిగిన ముత్యం గురించి కాదు. ఇంకో మాట: మీ సొంత ముత్యం మీద ఇంట్లో లైటర్ ప్రయోగం చేయకండి, పైపొర పాడవుతుంది.

చంద్రుడి రత్నం, ముత్యాలమ్మ

నవరత్నాల్లో ముత్యం చంద్రుడిది. చంద్రుడు మనసుకు కారకుడని జ్యోతిషం చెబుతుంది కాబట్టి టెన్షన్ పడేవాళ్లకు వెండిలో ముత్యం పొదిగిన ఉంగరం చెబుతుంటారు, సోమవారం పెట్టుకోమంటారు. ఇక్కడా అదే పేచీ. సహజ ముత్యమైతేనే ఫలితమని కొందరు జ్యోతిష్కులు, కల్చర్డ్ కూడా చిప్పలో పుట్టిందే కాబట్టి పనికొస్తుందని కొందరు. ఉంగరంలోని ముత్యం మనసును మారుస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. నమ్మకం ఉన్నవాళ్లు ఆధారం కోసం అడగడం లేదు కూడా.

నాకు ఆసక్తిగా అనిపించేది ఉంగరం కంటే మాటల్లో ఉన్న ముత్యం. చక్కని చేతిరాత ముత్యాల్లాంటి అక్షరాలు, మంచి మనిషి ఆణిముత్యం. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలతో పాటు ముత్యాల తలంబ్రాలు వెళ్తాయి. ఈ ఆనవాయితీ గోల్కొండ తానీషా నాటిదని చెబుతారు. ముసల్మాను సుల్తాను పంపిన ముత్యాలు సీతారాముల తల మీద. హైదరాబాద్ గల్లీల్లో ముత్యాలమ్మ గుళ్లు ఉన్నాయి, బోనాలకు కళకళలాడతాయి. అమ్మవారు పోసినప్పుడు ఒంటి మీద లేచిన పొక్కులనే ముత్యాలన్నారనీ, ఆ తల్లికి పేరు అలా వచ్చిందనీ అంటారు. చంద్రకాంతి, చల్లదనం, స్వచ్ఛత అని వర్ణించే అదే రత్నం పేరు ఒళ్లు కాలిపోయే జబ్బుకూ పెట్టారు. భయాన్ని ముద్దుగా పిలిస్తే చల్లబడుతుందని కాబోలు.

పక్క గల్లీలో గుచ్చే ఆయన

గుచ్చే ఆయన ముసలాయన. పిన్ని దండను తెల్లగుడ్డ మీద పోసి ముందు లెక్కపెట్టాడు, అంకె చీటీ మీద రాసి చీటీ పిన్నికిచ్చాడు. పట్టుదారం చూపించి, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తానన్నాడు. దానివల్ల ఒకదానికొకటి ఒరుసుకోవు. తెగినా ఒక్కటే జారుతుంది, అన్నీ చెల్లాచెదురు కావు.

కొత్త దండ కూడా చూపించాం. దాని బెజ్జంలోంచి ఆయన సూది సునాయాసంగా దూరింది. పాత దాంట్లో దూరలేదు. కళ్లజోడు పైకి జరిపి ఇంకోసారి ప్రయత్నించాడు. తర్వాత డబ్బాలోంచి వెంట్రుక లాంటి సన్నని తీగ తీశాడు.

“బెజ్జాలు చాలా సన్నం అమ్మా. పాత పని.”

“బస్రావే కదా?”

“పాత పని అమ్మా” అన్నాడాయన మళ్లీ. “ఎక్స్‌రే తీయిస్తే చెబుతారు.”

పిన్ని చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. ఆటో ఎక్కాక మా బాబాయికి ఫోన్ చేసి, బస్రావేనని తేలిందని చెప్పింది.